ఎదురు బస్సు

నలభై నిమిషాలు, అంది మైకు పట్టుకున్న అమ్మాయి, ఏదో శుభవార్త చెబుతున్నట్టు. గాలిలో దూరం రెండువందల పది కిలోమీటర్లు, ప్రయాణం నలభై నిమిషాలు, వాతావరణం బాగుంది, బెల్టులు పెట్టుకోండి. అతను తప్పు విన్నాననుకున్నాడు. ఆ రెండూళ్ళ మధ్య బస్సు నడపడం తప్ప బతుకులో ఇంకో పని చేసెరగని మనిషి అతను. పొద్దున ఈ ఊళ్ళో స్టీరింగు పట్టుకుంటే కొండెక్కి, కొండ దిగి, ఆ ఊరి బస్టాండులో ఇంజను ఆపేసరికి పొద్దు వాలిపోతుంది. పదకొండు గంటలు. రోడ్డు మీద నాలుగువందల చిల్లర కిలోమీటర్లు. అందులో సగం ఎవరు మింగేశారు? ఎటు పోయింది అంత రోడ్డు? పక్క సీట్లో అక్క గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ ఆనించి, బస్సులో కూర్చున్నట్టే కూర్చుంది. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, బావ భార్య. బావ అంటే వరసకి బావా కాదు, ఎదురు బస్సు డ్రైవరు. అతను ఇటునుంచి బయల్దేరే వేళకి అటునుంచి బయల్దేరే మనిషి. ఆ బావ ఇవాళ పొద్దున చనిపోయాడు. అతనికి తెలుసు. అక్కకి తెలియదు. ఒంట్లో బాగాలేదు, ఆస్పత్రిలో చేర్చారు, రా అక్కా అని చెప్పి తీసుకెళ్తున్నాడు. దారిలో మెల్లిగా చెప్పొచ్చు అనుకున్నాడు. దారి అంటే అతని లెక్కలో పదకొండు గంటలు మరి.

ఇంజను చప్పుడు మారింది. బస్సయితే చప్పుడు విని ఏ గేరులో ఉందో కళ్ళు మూసుకుని చెబుతాడు. ఇక్కడ గేర్లున్నాయో లేదో కూడా తెలియదు. కిటికీ పక్కన రెక్క, రెక్కకి పంకా, ముందు చూద్దామంటే ఎవరిదో గుండు. ముందేముందో కనబడకుండా మనుషుల్ని ఇలా కట్టేసి తీసుకుపోవడమేమిటి? తన వెనక కూర్చున్న జనం ఇన్నేళ్ళూ ఇలాగే కూర్చున్నారా, తనని నమ్మి, నోళ్ళు తెరుచుకుని నిద్రపోతూ? ఎన్నడూ తట్టని ఆలోచన ఇప్పుడెందుకు తట్టింది? అసలు తట్టాల్సిన సంగతి పక్కన ఉంది, సంచి పట్టుకుని. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి? అక్కా, నీతో ఒక మాట చెప్పాలి. వద్దు, ఆ మాట వినగానే అయిపోతుంది, మిగతాది చెప్పక్కర్లేదు. అక్కా, బావకి కాస్త ఎక్కువగానే ఉందట. అది అబద్ధం. ఎక్కువా లేదు తక్కువా లేదు. విమానం పరుగందుకుంది. అంత వేగం నేల మీద అతనెప్పుడూ చూడలేదు, వీపు సీటుకి అతుక్కుపోయింది, కుడికాలు దానంతటదే లేచి లేని బ్రేకు తొక్కింది. తొక్కుతూనే ఉంది. అయినా ఆగలేదు. నేల కిందికి జారిపోయింది.

"ఏవండీ, అన్నయ్య లేవట్లేదండీ." భార్య ఫోను. డిపోలో అద్దం తుడుస్తున్నాడు అప్పుడు, ఒక చేతిలో తడిగుడ్డ, భుజానికీ చెవికీ మధ్య ఫోను. బావ అలవాటు తెలిసిందే కదా, పొద్దున్నే డిపో రెస్ట్‌రూములో నిద్ర లేచి మొహం కడుక్కుని తమ ఇంటికి వస్తాడు, వరండా కుర్చీలో కూర్చుని టీ తాగుతాడు, తాగాక ఒక్క కునుకు. "లేవకపోతే లేపవే, డ్యూటీకి టైమవుతోంది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నవ్వాడు కూడా! "అలా కాదండీ," అంది. ఆ తరవాత ఆమె ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు. అలా కాదు అంటే ఎలా? ఇంకెలా లేవకుండా ఉంటాడు మనిషి? అర్థమయ్యింది, అర్థం కాలేదు, చేతిలో గుడ్డ అద్దం మీద ఒకే చోట గుండ్రంగా తిరుగుతూ ఉంది, ఆ చోటు తళతళలాడిపోయింది. వీధి చివరి డాక్టరు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడట. మణికట్టు పట్టుకుని చూసి, ఆ చేతిని మెల్లిగా ఒళ్ళో పెట్టేశాడట. అంతే. తన ఇంటి వరండాలో, తను కూర్చునే కుర్చీలో, తన భార్య ఎదురుగా. తను మాత్రం ఇక్కడ, ఆయన ఊళ్ళో, రాత్రి ఆయన ఇంట్లో ఆయన పీట మీదే కూర్చుని రెండోసారి కూర వేయించుకుని తిన్నాడు. ఉప్పు తక్కువైంది అక్కా అన్నాడు. ఉప్పు గురించి మాట్లాడాడు.

డిపో మేనేజరు మంచివాడు, మాటలు మాత్రం టైంటేబులు చదివినట్టు పడతాయి. బస్సులో అయితే సాయంత్రమవుతుంది, విమానముంది, ఆమెని తీసుకుని నువ్వెళ్ళు, ఆయన కూతురికి కబురు పంపాం, హాస్టల్నించి రైల్లో నేరుగా అక్కడికే వస్తుంది, ఆమెకి మాత్రం ఇప్పుడే చెప్పకు, దారిలో ఏమన్నా అయితే కష్టం, అక్కడికెళ్ళాక మనవాళ్ళందరూ ఉంటారు కదా అన్నాడు. అందరూ అంటే ఎవరు? ఎన్నడూ ఆమె మొహం చూడని మనుషులు, గేటు దగ్గర వరసగా నిలబడి తలలు దించుకుంటారు, ఆమె ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ రావాలి. అలా కాదు, నేనే చెబుతాను అనుకున్నాడు ఆటోలో. తలుపు కొడితే అక్క నోట్లో గుండుసూదులు పెట్టుకుని తీసింది, ఎవరిదో జాకెట్టు కుడుతోంది. ఈ వేళప్పుడు రోడ్డు మీద ఉండాల్సిన మనిషి గుమ్మంలో ఎందుకున్నాడో అడగాలంటే సూదులు తియ్యాలి. ఒక్కొక్కటే తీసి చేతికి కట్టుకున్న దిండులో గుచ్చింది. ఆ ఉన్న సూదులన్నీ తీసినంతసేపూ ఆయన ఆమెకి బతికే ఉన్నాడు. ఇంకో పది సూదులుంటే బాగుండును అనిపించింది అతనికి. తరవాత తను చెప్పిన అబద్ధం విని ఆమె గాభరా పడలేదు. ఇస్త్రీ చొక్కా ఒకటి పెడతానుండు తమ్ముడూ, ఆస్పత్రి బట్టలంటే ఆయనకి ఒళ్ళు మంట అంది. చొక్కా పెట్టింది. తువ్వాలు పెట్టింది. గుమ్మం దాటాక మళ్ళీ తాళం తీసి లోపలికెళ్ళి దువ్వెన తెచ్చి పెట్టింది.

చెవులు మూసుకుపోయాయి. దూది కుక్కినట్టుంది. ఎవరో చిన్నపిల్ల ఏడుస్తోంది, గోడ అవతల ఏడ్చినట్టు. అక్క ఏదో అంది, పెదవులు కదలడం చూశాడు. "ఆ?" "చెవులు, చెవులు పోయాయి తమ్ముడూ," అంటూ ఆవలించి చూపించింది. అలా చెయ్యమని తనకి చెప్పింది. ఘాట్ రోడ్డెక్కేటప్పుడు చెవులు పడితే ఆవలించమని ఆమెకి చెప్పిందెవరు? ఆమె ఘాటెప్పుడు ఎక్కింది? బావ చెప్పి ఉంటాడు. రాత్రిళ్ళు ఇంట్లో ఎక్కడెక్కడి సంగతులో చెప్పి ఉంటాడు, ఫలానా మలుపులో ఫలానా బండి, ఫలానా చోట చెవులు పడతాయి, ఫలానా చోట మీ తమ్ముడు ఎదురొస్తాడు. ఆవిడ కొండ చూడకుండానే కొండంతా చూసేసి ఉంటుంది.

ఇదంతా తాళంచెవితో మొదలైంది. అప్పటికి ఎదురు బస్సాయన అంటే ఒక మీసం, ఒక చెయ్యి, అంతే. కొండ మీద హాల్టు దగ్గర రెండు బస్సులూ పక్కపక్కన ఆగుతాయి, ఇటు జనం టీకి దిగుతారు, అటు జనం దిగుతారు, కండక్టర్లు ఈలలేస్తారు, డ్రైవర్లిద్దరూ కిటికీలోంచి కిటికీలోకి చెయ్యెత్తుతారు. ఒకరోజు ఆయన కిటికీలోంచి ఏదో విసిరాడు, అది వచ్చి తన ఒళ్ళో పడింది. "బావా! ఇంటి తాళంచెవి నా జేబులో ఉండిపోయిందయ్యా. మా ఆవిడ బయట కూర్చునుంటుంది. కాస్త పడేసిపో!" అంతకుముందు మాట కూడా లేదు, ఏకంగా బావా. సాయంత్రం వెతుక్కుంటూ వెళితే నిజంగానే మెట్టు మీద కూర్చునుంది, అప్పుడు వయసులో ఉంది అక్క, కోపంతో మొహం కందిపోయింది. తాళం ఇచ్చి వెళ్ళిపోబోతుంటే, ఆ మనిషి మీద కోపం నీ మీదెందుకు, తినేసి వెళ్ళు తమ్ముడూ అంది. తిన్నాడు. ఇంటికొచ్చి భార్యకి చెబితే, మరి ఆయన మన ఊళ్ళో హోటల్లో తింటున్నాడా, సిగ్గుగా లేదూ మీకు అంది. అంతే, ఇక రోజు మార్చి రోజు అతను ఆ ఇంట్లో, బావ ఈ ఇంట్లో. తను ఆ ఊళ్ళో ఉన్న రాత్రి బావ ఈ ఊళ్ళో ఉంటాడు. తను ఇల్లు చేరిన రాత్రి బావా ఇల్లు చేరతాడు. ఇద్దరూ ఒక ఊళ్ళో ఉన్న రాత్రి ఒక్కటీ లేదు. తన ఇంట్లో కారే పంపు బాగుచేసింది బావ. బావ ఇంట్లో చెదపట్టిన తలుపు మార్పించింది తను. తన కూతురు సైకిలు నేర్చుకుంది బావ చెయ్యి పట్టుకుని, ఆ పిల్ల మొదటిసారి చెయ్యి వదిలి తొక్కింది కూడా బావే చూశాడు. బావ కూతురు ఊడిన పన్ను తెచ్చి చూపించింది తన అరచేతిలో పెట్టి. కొండ మీద కిటికీలోంచి తన ఇంటి సంగతులు తనకే బావ చెప్పేవాడు. "బావా, మీ ఆవిడ నీ మీద మంట మీదుంది. ఏం చేశావో నువ్వే గుర్తు తెచ్చుకుని మరీ ఇంట్లో అడుగుపెట్టు." చెప్పేవాడు. చెప్పేవాడు ఏమిటి, మొన్న కూడా చెప్పాడు. మొన్న చెప్పాడు, ఇవాళ చెప్పడు. విమానం ఒక్కసారి కిందికి జారింది, అతను ముందు సీటు పట్టుకున్నాడు.

తల తిప్పితే కింద కొండ. అదేనా? అదే అయ్యుండాలి, ఆ పక్కన చెరువు, ఆ తెల్లగా రాళ్ళు తవ్విన చోటు. దాని మీద దారం పోగొకటి ముడులు ముడులుగా పడేసినట్టుంది. అది రోడ్డు. తన రోడ్డు. ఒక్కో మలుపుకీ ఒక్కో పేరుంది, ఇద్దరూ కలిసి పెట్టుకున్నారు, అత్తగారి మలుపు అంటే చెప్పకుండా ఎదురొచ్చేది, పెళ్ళికూతురు మలుపు అంటే సగం తిరిగి ఆగిపోయేది. ఆ మలుపుల్లో ఎదురు బస్సు హారన్ వినబడగానే ఒళ్ళు సర్దుకునేది. అంత పెద్ద కొండ. దాన్ని కిటికీ అద్దం మీద బొటనవేలు పెట్టి మూసేశాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. మొత్తం పోయింది, హాల్టు, టీకొట్టు, ఇద్దరి బస్సులూ, ఇన్నేళ్ళూ. ఇంత చిన్నదాన్నా పట్టుకుని వేలాడింది! ఈ చిన్న దాని వల్లనా రెండిళ్ళ వాళ్ళూ ఒక్కసారైనా కలవలేదు? తన భార్యా అక్కా ఒకరినొకరు చూసుకోలేదు. ఒకరి మొగుడికి ఒకరు ఇన్నేళ్ళు వండి పెట్టారు, ఫోన్లో వదినా అంటే మరదలా అనుకున్నారు, మొహాలు మాత్రం తెలియవు. ఫోటోలు పంపుకోమంటే ఇద్దరూ ఒకటే పాట, ఛీ, ఫోటోలో నేను బాగుండను, కలిసినప్పుడు చూసుకుంటాంలెండి అని. రమ్మంటే అమ్మో పదకొండు గంటలు, ఘాట్లో వాంతులు, వచ్చే సెలవల్లో చూద్దాం. ప్రతి సెలవలకీ వచ్చే సెలవలు.

కిందటేడు ఈ విమానాలు మొదలైనప్పుడు తను నానా తిట్లూ తిట్టాడు. బస్సులో సీట్లు ఖాళీగా పోతున్నాయి మరి. బావ తిట్టలేదు. కొండ మీద తల బయటపెట్టి ఆకాశంలోకి చూసి, "పైనుంచి మనమెలా కనబడతామంటావు బావా? రెండు చీమలు ఎదురుపడి మూతులు ఆనించుకుని ఎవరి దారిన అవి పోతాయి చూడు, అలా ఉంటాం," అన్నాడు. తను నవ్వలేదు ఆరోజు, విసుక్కున్నాడు, జనం ఎక్కారు పోనీ పోనీ అన్నాడు. మొత్తం మీద ఎంతసేపు మాట్లాడుకుని ఉంటారు ఇద్దరూ? కిటికీలోంచి కిటికీలోకి, టీ చల్లారేలోపు. అన్నీ పోగేస్తే? లెక్క మొదలుపెట్టి భయమేసి వదిలేశాడు. తనకి జుట్టు కత్తిరించే మనిషి దగ్గర కూడా అంతకన్నా ఎక్కువసేపే కూర్చుని ఉంటాడు. పక్కపక్కన తీరిగ్గా కూర్చుంది ఒక్కసారే, కొండచరియ విరిగిపడిన రోజు. బస్సులు అటొకటీ ఇటొకటీ చిక్కుకుపోయాయి, మధ్యలో మట్టి, చెట్ల వేళ్ళు. బావ పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి ఆ మట్టి మీద నడిచి వచ్చాడు, పెళ్ళివారింటికి వచ్చినట్టు నవ్వుకుంటూ. కల్వర్టు గట్టు మీద కూర్చుని క్యారేజీలు విప్పారు. తనది అక్క కట్టింది, బావది తన భార్య కట్టింది, ఇళ్ళకి తిరిగెళ్ళే రోజు కదా. మార్చుకున్నారు. బావ రెండు ముద్దలు తిని మొహం వికారంగా పెట్టాడు. "ఏమోయ్, ఈ వంట కోసమా నేను పదకొండు గంటలు నడిపి ఇంటికి పోయేది!" అని మళ్ళీ మార్చేసుకున్నాడు. ఇద్దరూ పొర పోయేదాకా నవ్వారు. తరవాత పుల్ల తీసుకుని మట్టిలో రెండు చుక్కలు పెట్టాడు, ఇది మీ ఊరు, ఇది మా ఊరు, నేరుగా గీత గీస్తే ఎంతుంటుందంటావు అన్నాడు. "గీసి ఏం చేసుకుంటావు, కొండ అడ్డం కదా," అన్నాడు తను. బావ గీశాడు. జానెడు లేదు.

"నీళ్ళు తీసుకుంటారా సార్?" ట్రాలీ తోసుకుంటూ ఆ అమ్మాయి. గ్లాసు కాగితంది, గట్టిగా పట్టుకుంటే నొక్కుకుపోయి నీళ్ళు ఒళ్ళో పడ్డాయి. అక్క తువ్వాలు తియ్యబోయింది, సంచిలోంచి, బావ తువ్వాలు. వద్దక్కా, వద్దు అన్నాడు, అంత గట్టిగా ఎందుకన్నాడో తెలియదు, ముందు సీటాయన వెనక్కి తిరిగాడు. అక్క అతని మొహంలోకి చూసింది. చూస్తోంది. బట్ట కొలిచేటప్పుడు చూసినట్టు. అతను కిటికీ వైపు తిరిగాడు.

"ఎంతసేపన్నారు తమ్ముడూ?"

"నలభై నిమిషాలట."

"మరి ఆయన పొద్దున వెళ్ళి సాయంత్రానికి చేరతాడేం?" అంది. నిజంగానే అడిగింది, వేళాకోళం కాదు. ఆ కనుబొమ్మలు ముడిపడ్డాయి. "నేను అంత దూరం, అంత దూరం అనుకుంటూ ఉంటానే. ఇంతసేపటికి మా వీధి పిల్లలు బడికి కూడా చేరరు." సంచి సర్దుకుని, "ఆయన ఎక్కాడా ఎప్పుడైనా, ఇది?" అంది.

"లేదక్కా. ఎక్కితే కిటికీ పక్క సీటు కోసం పోట్లాడేవాడు."

మాట నోట్లోంచి వెళ్ళిపోయింది. వెళ్ళాక విన్నాడు. మామూలు మాటే, నిన్నయితే ఏమీ కాని మాటే. కానీ బావని అతను గడిచిన కాలంలోకి నెట్టేశాడు, నాలుక చివర, అంత సులువుగా. పంకా చప్పుడు. ఎవరో పొట్లం చింపుతున్న చప్పుడు. అప్పుడు అక్క అంది, చాలా మెల్లిగా, పిల్లాడి తప్పు దిద్దినట్టు.

"పోట్లాడతాడు అనాలి కదా, తమ్ముడూ."

అబద్ధం ఒకటి ఉందేమోనని లోపలంతా వెతికాడు, దొరకలేదు. అబద్ధం అక్కర్లేదు కూడా, ఒక్క 'అవును' చాలు, పోట్లాడతాడు అక్కా, అంటే చాలు, దిగేదాకా సరిపోతుంది. అనలేకపోయాడు. బస్సులో అయితే రోడ్డు వైపు చూస్తూ చెప్పేవాడు, చేతులకి పనుండేది, గేరు మార్చేవాడు, ఎవరో చెయ్యెత్తితే ఆపేవాడు. ఇక్కడ ఆమె మొహం తప్ప చూడ్డానికి ఏమీ లేదు. "అక్కా," అన్నాడు. ఆమె చేతులు సంచి మీంచి తీసేసింది, వేడి గిన్నె మీంచి తీసినట్టు.

"ఎప్పుడు?"

"పొద్దున."

"పొద్దున అంటే?"

"టీ టైముకి. మా ఇంట్లో. వరండాలో కూర్చుని."

"టీ టైముకి," అంది. ఆమె కళ్ళు ముందు సీటు వీపు మీద నిలిచిపోయాయి. "టీ టైముకి నేను రేడియో పెట్టుకుని అంచు కుడుతున్నాను." ఆమె ఏడుస్తుందని అతను సిద్ధంగా ఉన్నాడు, పడిపోతే పట్టుకోవాలని చెయ్యి కూడా సగం ఎత్తి ఉంచాడు, ఆ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. ఆమె అతనికేసి తిరిగింది. మొహంలో రక్తం లేదు. కోపం ఉంది, అతని మీద కాదు, ఎవరి మీదో. "నాకెందుకు తెలియలేదు? ఎక్కడో అంత దూరాన అయితే సరే, తెలియలేదనుకుంటాను. ఇంత దగ్గర్లో పోతే నాకు తెలియొద్దా? ఇదిగో ఇంతసేపట్లో వచ్చేసేదాన్ని కదా! పిలిస్తే వినబడేంత దూరం కదా ఇది!" గొంతు పెరిగింది. ట్రాలీ అమ్మాయి ఆగింది. అతను తల అడ్డంగా ఊపాడు, ఏమీ లేదమ్మా, ఏమీ లేదు, వెళ్ళు. ఏమీ లేదు అన్నాడు. ఇంత జరుగుతుంటే ఏమీ లేదు అన్నాడు. పక్క వరసలో ఒకాయన పేపరు తిప్పాడు. ఆయన పేపరు ఇంకా సగం కూడా అవలేదు.

విమానం వాలింది. కింద పొలాలు, కొలిమి పొగలు, నీళ్ళ ట్యాంకు, అతని ఊరే, కానీ ఎప్పుడూ చూడని వైపునించి చూస్తుంటే ఎవరి ఊరో అనిపించింది. ఎక్కడో ఆ ఇళ్ళ మధ్య తన వరండా ఉంది. ఆ కుర్చీ ఉంది. చక్రాలు నేలకి కొట్టుకున్నాయి, ఒళ్ళంతా అదిరింది, ఈసారి కాలు బ్రేకు తొక్కలేదు, అతను చూసుకున్నాడు, చచ్చుపడినట్టు పడుంది. జనం ఒక్కసారిగా లేచి పైనించి సామాన్లు లాక్కుంటున్నారు, అప్పుడే ఫోన్లు, ఆ దిగాం, ఆ ఇప్పుడే ఎక్కాం ఇప్పుడే దిగాం, అని ఎవరో గొప్పగా నవ్వుతున్నారు. అక్క లేవలేదు. బెల్టు కూడా తియ్యలేదు. అతనూ కూర్చున్నాడు. అందరూ దిగిపోయారు. వాకిట్లో ఆ అమ్మాయి చేతులు కట్టుకుని చూస్తోంది, ఇందాకటి నవ్వు లేదు, ఆమెకీ ఏదో తెలిసినట్టుంది. బస్టాండులో ఆఖరి మనిషి దిగకపోతే తనెన్నిసార్లు హారన్ కొట్టాడో. "కాసేపుండనివ్వమ్మా," అన్నాడు. ఆ పిల్ల తలూపింది. ఎంతసేపున్నారో. ఏసీ ఆగిపోయింది, లోపల వేడెక్కింది. అక్క ఉన్నట్టుండి, "ఎవరున్నారు అప్పుడు, దగ్గర?" అంది.

"మా ఆవిడ."

"ఒక్కతేనా?"

"ఒక్కతే. పిల్ల ట్యూషన్‌కెళ్ళింది."

"అయ్యో," అంది అక్క. ఆ పొద్దున్నించీ ఆమె నోట వచ్చిన మొదటి అయ్యో అది. బెల్టు ఎలా ఊడుతుందో తెలియక లాగింది, లాగింది, అతను నొక్కి తీశాడు. సంచి చంకన పెట్టుకుని అతనికన్నా ముందు నడిచింది.

గాజు తలుపు అవతల డిపో వాళ్ళు అతను అనుకున్నట్టే వరసగా నిలబడ్డారు, తలలు దించుకునే. వాళ్ళని దాటి ముందుకొచ్చి అతని భార్య నిలబడి ఉంది, ఇంట్లో చెప్పులతోనే. ఆస్పత్రినించి నేరుగా వచ్చింది, బావని అక్కడికి మార్చారు. అతనేదో చెప్పబోయాడు, ఈమె ఆమె అని. ఇద్దరూ అతని వైపు చూడనే లేదు. ఇన్నేళ్ళు గొంతుల్లోనే ఉన్న మనుషులు ఒకరినొకరు పైనించి కిందికి చూసుకున్నారు. మొదట అక్కే అంది, "నువ్వింత చిన్నదానివా? ఫోన్లో పెద్దదానిలా మాట్లాడతావే!" ఆ మాటకి అతని భార్య మొహం చెదిరిపోయింది.

"నీళ్ళడిగాడు వదినా," అంది. పొద్దున్నించీ ఎవరికీ చెప్పని మాట, అతనికీ చెప్పలేదు ఫోన్లో. "నీళ్ళడిగాడు. గ్లాసు కడిగి తెద్దామని లోపలికెళ్ళాను. కడగకుండా తెచ్చుంటే అందేవి. ఆ గ్లాసు కడగడానికి పోయాను వదినా, వచ్చేసరికి…"

అక్క సంచి కింద పెట్టేసింది. చెయ్యి చాచి ఆమె చెంప మీద వేసింది, చూపు లేనివాళ్ళు తడిమినట్టు. "కడక్కుండా ఇస్తే తాగేవాడు కాదే," అంది. "నా దగ్గరైనా అంతే. ఎదురుగా కడగాలి ఆ మహానుభావుడికి. నేనైనా లోపలికే వెళ్ళేదాన్ని." అప్పుడు ఏడ్చింది. మొదట ఒకరు, తరవాత ఇద్దరూ, నిలబడే, ట్రాలీలు తోసుకునేవాళ్ళు పక్కనించి తప్పుకుని పోతుంటే. అతను సంచి తీసుకున్నాడు. తేలిగ్గా ఉంది. చొక్కా, తువ్వాలు, దువ్వెన. ఎటు నిలబడాలో తెలియక ఎండలో నిలబడ్డాడు, డిపో జీపు అతని ముందుకొచ్చి ఆగేదాకా.

ఆడవాళ్ళిద్దరూ వెనక ఎక్కారు, అతను ముందు. నడిపే కుర్రాడు కొత్తవాడు, గాభరాగా ఉన్నాడు, గేరు గట్టిగా వేశాడు. గేటు దాటి రోడ్డెక్కగానే అలవాటుకొద్దీ బండి ఊపందుకుంది.

"ఎంత దూరం ఆస్పత్రి?" అంది అక్క వెనకనించి.

"దగ్గరే వదినా. ఇప్పుడే వచ్చేస్తుంది."

అక్క ముందుకు వంగి కుర్రాడి భుజం తట్టింది.

"నెమ్మదిగా పోనివ్వు బాబూ," అంది. "కాస్త నెమ్మదిగా."

కుర్రాడు అతని వైపు చూశాడు. అతను చెయ్యి చాపి గేరు రాడ్డు మీద, కుర్రాడి చేతి మీద పెట్టాడు, క్లచ్ తొక్కమని కళ్ళతో చెప్పాడు, బండిని రెండో గేరులోకి దింపాడు.